లప్పం పెట్టిన దూలం

ఇల్లు, వెనక గది
జూలై 6

ఉలి దొరగారికి,

ముందుగా, ఈ ఉత్తరాన్ని దారిలో విప్పి చదివే జైలు అయ్యగారికి నమస్కారం. అయ్యా, ఇందులో పారిపోయే ఉపాయాలేవీ లేవు. చీమలున్నాయి. ఓపికుంటే చదవండి.

అన్నయ్యా, ఇంట్లో చీమలు పడ్డాయి. మామూలువి కాదు. నల్లగా, వేలి గోరంత పొడుగు, సన్న నడుము, లావు తల. మా కాలేజీ ప్రిన్సిపాలు వరండాలో తిరిగినట్టు తిరుగుతాయి, ఎవర్నీ లెక్కచెయ్యకుండా. వెనక గదిలో బుజ్జి మంచం పైన నువ్వు కొట్టిన అర ఉంది చూడు, దాని కింద రోజూ చిన్న కుప్ప పొట్టు పడుతోంది. వదిన ఊడుస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ అంతే కుప్ప. అచ్చం నువ్వు రంపం పక్కన పెట్టి లేచాక కింద మిగిలే పొట్టే. మొదటి రోజు వదిన చీపురు పట్టుకుని దాని ముందు అలాగే కూర్చుండిపోయింది.

"మీ అన్నయ్య వచ్చి పనిచేసుకుని వెళ్లినట్టుంది" అంది.

"వచ్చిన మనిషి పలకరించి పోవచ్చుగా" అన్నాను నవ్విద్దామని. నవ్వలేదు. ఈ ఎనిమిది నెలల్లో వదినని నవ్వించడం నాకు చేతకాని మూడో ఉద్యోగం. మొదటి రెండూ నేనే మానేశాను. ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్లకి రోజంతా క్షమాపణలు చెప్పడానికా నేను డిగ్రీ చదివింది?

నిన్న ఇస్త్రీ బండి ఆయన అడిగాడు, నీ అప్పీలు ఎప్పుడని. నవంబరులో అన్నాను. "పాపం, అటక కట్టినవాడిదే తప్పంటే ఎలా? కట్టిన ఆరేళ్లకి కూలితే!" అన్నాడు. ఆయనకున్న బుద్ధి కోర్టుకి లేకపోయింది. నాసిరకం కర్ర వేశాడట! నువ్వు! సంతలో కర్ర వాసన చూసి కొనేవాడివి. ఆ పుస్తకాల బైండింగు షాపు అటక దిగాక మళ్లీ ఆరేళ్లలో అటు తొంగి చూడలేదని బోనులో నువ్వు చెప్పినప్పుడు వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు గుర్తు రెండు రోజులుంది. ఆ అటకతో పాటు పడి చచ్చిపోయిన అమ్మాయి వాళ్లమ్మ మన వెనక వరసలోనే కూర్చుంది. నేను తిరిగి చూడలేదు.

సరే, చీమల సంగతి చెప్పు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక మంచమెక్కి, అర పైనున్న దూలానికి చెవి ఆనించి విన్నాను. లోపల ఎవరో మిఠాయి కాగితం నలుపుతున్నట్టుంది. ఏం చెయ్యాలి?

నీ పిడుగు


జైలు, వడ్రంగి షెడ్డు
జూలై 14

పిడుగూ,

ఉత్తరం అందింది. ఇక్కడ స్టూళ్లు చేస్తున్నాను. ఉలి పొద్దున చేతికిచ్చి సాయంత్రం తీసేసుకుంటారు. పదును పెట్టుకోనివ్వరు. మొద్దు ఉలితో పనిచేస్తే కర్ర చీలుతుంది, అయినా అడిగేవాడు లేడు.

అవి చెద కాదు. గండుచీమల్లో ఒక రకం, కర్ర తొలుస్తాయి. కంగారు పడాల్సిందేం లేదు. రంపపు పొట్టు మెత్తగా జల్లించి జిగురులో కలుపు. కాస్త ఎర్రమట్టి వేస్తే కర్ర రంగు వస్తుంది. ఆ లప్పం చిల్లుల్లో కూరి, ఆరాక గరుకు కాగితం రుద్ది రంగు వేసెయ్. తర్వాత చిల్లు ఎక్కడుందో కూరినవాడికి కూడా కనిపించదు. బయటివాళ్లని పిలవకు. వచ్చిన ప్రతివాడూ దూలం దించాలంటాడు.

ఇంకొకటి. ఆ అర తీసి పెరట్లో కాల్చెయ్. పాత పలక అది, చీమలు దాంట్లోంచే వచ్చుంటాయి. చీల్చి చూడటాలూ పరిశోధనలూ పెట్టుకోకు, నీ సంగతి నాకు తెలుసు.

బుజ్జికి ముందు పన్ను ఊడిందా? వదిన రెండు నెలలుగా రాయలేదు. అడిగానని చెప్పు.

అన్నయ్య


ఇల్లు, ముందు గది
జూలై 27

అన్నయ్యా,

బుజ్జికి పన్ను ఊడింది, మింగేసింది కూడా. ఈ ఇంట్లో ఏదీ ఒక పద్ధతిగా జరగదు.

నువ్వు చెప్పినట్టే లప్పం కలిపాను. తొమ్మిది చిల్లులు మూశాను. రంగు వేసి, చేతులు కడుక్కుని, వడ్రంగి చెల్లెల్ని కదా అని కాసేపు మురిశాను కూడా. నాలుగు రోజులు పొట్టు లేదు. అయిదో రోజు కిటికీ చట్రంలోంచి మొదలైంది. ఆరో రోజు వంటింటి గుమ్మం. దారి మూస్తే కొత్త దారి తొలుచుకున్నాయి.

అర కాల్చలేదు. నేను స్క్రూలు విప్పబోతే వదిన అడ్డం నిలబడింది. "ఆయన చేత్తో చేసిన ఆఖరి వస్తువు అది. దాని జోలికి రాకు" అంది. పప్పుల డబ్బాలు ఇంకా దాని మీదే ఉన్నాయి.

నీ మాట కాదని బయటి మనిషిని పిలిచాను. తిట్టుకో. భుజాన మందు పంపుతో వీధుల్లో తిరుగుతాడే, అందరూ పంపు బాబాయి అంటారు, ఆయన్ని. పంపు తెచ్చాడుగానీ కొట్టలేదు. "కొడితే కనిపించేవే చస్తాయమ్మాయ్, కనిపించనివి రెండు కాపురాలు పెడతాయి" అని క్యారంబోర్డు మీద చల్లే పొడిని పంచదార పాకంలో కలిపి సీసా మూతల్లో పెట్టాడు. నెమ్మదిగా చంపాలట. మోసుకెళ్లి పుట్టలో పిల్లలకి పెట్టాలట.

తర్వాత నన్నో ప్రశ్న అడిగాడు. "ఇవి కర్ర తింటాయనుకున్నావా?"

"తినకపోతే ఎందుకు తొలుస్తాయి?"

"ఉండటానికి. తినేది చెద. ఇవి తవ్వి పారబోస్తాయి, ఆ పారబోసిందే నీ పొట్టు. ఎంత మంచి కర్రయినా తడి తగిలితే వదలవు. పైకి మాత్రం నున్నగా ఉంటుంది, రంగు కూడా చెదరదు." అని స్క్రూడ్రైవరు దూలానికి ఆనించి బొటనవేలితో నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది, అన్నయ్యా. వెన్నలో దిగినట్టు. పైన నీళ్ల తొట్టి కారి కారి దూలం నానిపోయిందట.

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. భయంతో కాదు. ఎంత మంచి కర్రయినా! తడి తగిలితే! ఆ బైండింగు షాపు అటక మీద మైదా జిగురు బకెట్లు ఉండేవని సాక్షులందరూ చెప్పలేదూ? జిగురు ఒలికి కర్ర నానింది, చీమలు పట్టాయి, పైకి నున్నగా ఉంది, ఒకరోజు కూలింది. నువ్వు మంచి కర్రే వేశావు! ఏడాదిగా నువ్వు మొత్తుకుంటున్నది నిజమే! వదినకి చెబితే నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపులోనే మధ్యలో నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత.

రేపు పొద్దున్నే ప్లీడరుగారి దగ్గరికి వెళ్తున్నాను. దారిలో చదివే అయ్యగారూ, మా అన్నయ్యకి కాస్త తొందరగా అందించండి.

నీ పిడుగు


జైలు
ఆగస్టు 4

చెల్లీ,

ప్లీడరు దగ్గరికి వెళ్లకు. ఇంటి దూలం వేరు, అది వేరు. చీమల కథలు చెబితే కోర్టులో నవ్వుతారు. చేసేది ఆయన చేస్తున్నాడు, చెయ్యనీ.

వదిన మంచమూ బుజ్జి మంచమూ వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చు. ఈ ఉత్తరం చదివి మడతపెట్టే ముందే మార్చు.

అర కాల్చమన్నాను.

అన్నయ్య


ఇల్లు, ముందు గది
ఆగస్టు 19

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికే నేను వెళ్లొచ్చాను. మంచాలు కూడా అంతకుముందే మార్చాను.

ప్లీడరుగారు మొదట నన్ను కూర్చోమనలేదు. చీమల సంగతి సగం చెప్పాక కుర్చీ ఆయనే లాగారు. పది రోజుల్లో అనుమతి తెచ్చారు, విరిగిన దూలాన్ని చూడటానికి. కోర్టు వెనక సామాన్ల గదిలో ఉంది. తుప్పుపట్టిన సైకిళ్లూ, సీలు వేసిన మూటలూ, వాటి వెనక గోడకి ఆనించి రెండు ముక్కలుగా అది. చీటీ మీద నీ కేసు నంబరు. పంపు బాబాయి మోకాళ్ల మీద కూర్చుని విరిగిన చోట టార్చి వేశాడు. లోపల గదులు, అన్నయ్యా. గోడలు, దారులు, అంతస్తులు, అన్నీ నున్నగా చిత్రిక పట్టినట్టు. ఎంత శుభ్రంగా చేశాయంటే, నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి. "ఇది ఒక్క ఏడాది పని కాదు. ఇన్నాళ్లు పొట్టు రాలకుండా ఉండదే" అన్నాడు బాబాయి. ప్లీడరుగారు ఆ మాట విననట్టున్నారు. ఫొటోలు తీయించడంలో ఉన్నారు.

బయటికి వచ్చాక ఆయన తన వాదన చెప్పారు. ఎంత సంతోషంగా చెప్పారో! జిగురు బకెట్లు ఎవరి చేతి కింద ఉండేవి? ఆ అమ్మాయి చేతి కింద. జిగురు ఒలికించింది ఎవరు? ఆ అమ్మాయే. "తన అజాగ్రత్తే తన ప్రాణం మీదికి తెచ్చింది. మీ అన్నయ్య కడిగిన ముత్యంలా బయటికొస్తాడు" అన్నారు. షాపు యజమాని కూడా అలాగే చెప్పడానికి ఒప్పుకున్నాడట. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. ఇంటికొచ్చేదాకా మెడ నొప్పిగానే ఉంది.

ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదువు.

ఆ దూలం కింది వైపు నేనూ టార్చి వేసి చూశాను. రంగు కింద అక్కడక్కడా గుండ్రంగా, చిటికెన వేలి కొనంత మచ్చలు. గోటితో గీకాను. గట్టిగా ఉంది. ఎర్రగా ఉంది. పోయిన నెల నా గోళ్లలో ఇరుక్కున్న ఎరుపే. నేనెవరికీ చూపించలేదు.

ఇంటికి వచ్చి, వదిన స్నానానికి వెళ్లినప్పుడు, డబ్బాలు దించి అర తిప్పి చూశాను. వెనకవైపు ఎండిన జిగురుతో ఒక కాగితం ముక్క అంటుకుని ఉంది. ఏదో బడి పుస్తకంలోది. మొదటి ముద్రణ అని ఉంది. పక్కన సంవత్సరం ఉంది. పోయిన సంవత్సరం.

ఆరేళ్లుగా అటు వెళ్లలేదన్నావు. ఆ పలక ఎక్కడిది? ఇంతకంటే ఇక్కడ రాయను.

చెల్లెలు


జైలు
ఆగస్టు 30

చెల్లీ,

ఇది పోస్టులో రాదు. రేపు విడుదలయ్యే తాపీ మేస్త్రి ఒకాయన చొక్కా మడతలో తెస్తాడు. ఆయనకి మంచినీళ్లివ్వు, ఏమీ అడగకు.

కూలడానికి నలభై రోజుల ముందు షాపాయన నన్ను పిలిపించాడు. కాగితాల మీద పొట్టు రాలుతోంది, పనివాళ్లు గొణుగుతున్నారన్నాడు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయిన వేళ వెళ్లాను. ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. పైన చీకటిగా ఉంటుందని నాకు టార్చి పట్టుకుంది. పొట్టు రాలుతోందని యజమానికి మూడుసార్లు చెప్పానంది. బకెట్లు కిందికి దించుతానంటే పని ఆగుతుందని ఆయన వద్దన్నాడట.

దూలం తట్టాను. గోడ దగ్గర నిండుగా మోగింది. నడిమికి వచ్చేసరికి ఖాళీ డబ్బా. నాకు అక్కడే తెలిసిపోయింది, చెల్లీ. స్క్రూడ్రైవరు గుచ్చనక్కర్లేదు. ముప్పయ్యేళ్ల నుంచి కర్ర తట్టే చెయ్యి ఇది. తెలియగానే నా మొహం గోడవైపు తిప్పుకున్నాను, టార్చి వెలుగు పడకుండా.

"అన్నా, పర్లేదా?" అంది.

"నువ్వు నిశ్చింతగా కూర్చో తల్లీ" అన్నాను.

బడి పుస్తకాల పని ముమ్మరంగా ఉంది, బళ్లు తెరిచేదాకా అటక దించే వీల్లేదని షాపాయన అన్నాడు. అది నాకు సాకు. అసలు సంగతి వేరే. ఆ అటక కట్టినప్పుడు నా మనవలు కూడా దీని మీద పనిచేస్తారని పదిమందిలో అన్నవాణ్ణి నేను. ఆరేళ్లకే నా చేత్తో నేనే దించితే, నన్నెవడు మేస్త్రీ అంటాడు? బళ్లు తెరిచాక చడీచప్పుడు లేకుండా దూలం మార్చేద్దామనుకున్నాను. పంతొమ్మిది చిల్లులకి లప్పం పెట్టాను. రంగు వేశాను. బాగా పాడైన పలక ఒకటి పీకి కొత్తది వేశాను. పాతది ఒక కొస గట్టిగానే ఉందని ఇంటికి తెచ్చి అర చేశాను. దాంతోపాటు వాటినీ తెచ్చాను.

లప్పం పెట్టాక పొట్టు రాలడం ఆగిపోయింది. నేను రోజూ తలుచుకునేది ఇదే. పొట్టు రాలుతూనే ఉంటే ఆ అమ్మాయే భయపడి దిగిపోయేది. చెప్పే నోరు నేను మూసేశాను.

ఇంటి దూలంలోనూ రెండు చిల్లులు చూశాను, నన్ను తీసుకుపోయే ముందు వారం. వాటికీ కూరాను. ఎందుకని అడగకు. చెయ్యి దానంతట అదే చేసింది.

ఇక నువ్వే చెప్పు. చెప్పెయ్యమంటే చెప్పేస్తాను. వద్దంటే ఈ కాగితం కాల్చెయ్. వదిన ఉంది, బుజ్జి ఉంది, అందుకని అడుగుతున్నాను. నువ్వెలా అంటే అలాగే.

అన్నయ్య


ఇల్లు
సెప్టెంబరు 8

అన్నయ్యా,

నా మీద పెట్టకు. నువ్వు చదివించిన చదువుకి ఇది ఫీజా? నేను చెప్పమంటే నిన్ను నేనే జైల్లో ఉంచినట్టు, వద్దంటే నేను దాచినట్టు. ఎటు తిరిగినా నీ చెయ్యి శుభ్రం. మళ్లీ లప్పమే కదా ఇది?

ఉత్తరాన్ని దారిలో చదివే అయ్యగారూ, ఈసారి నమస్కారం లేదు. మీకు అర్థమైతే అవ్వనివ్వండి.

ఆ కాగితం కాల్చలేదు. వదినకిచ్చాను. నిలబడే చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత వెనక గదిలోకి వెళ్లి దూలం కింద నిలబడి, పైకి చూస్తూ అంది, "ఆ రంగు వేసిన రోజు నాకు గుర్తుంది. ఇల్లంతా రంగు వాసనేంటండీ అంటే, దూలం మెరవాలిగా అన్నారు. ఆ సాయంత్రం బుజ్జిని ఆ మంచం మీదే ఆయనే పడుకోబెట్టారు. జో కొట్టి, దుప్పటి కప్పి." అంతే. నేను నిన్ను తిట్టాలనుకున్న తిట్లన్నీ ఆ దుప్పటి దగ్గర ఆగిపోయాయి.

మొన్న పంపు బాబాయి ఇద్దరు మనుషుల్ని తెచ్చి దూలం దించాడు. పట్టుకోగానే నడిమికి విరిగింది. నేలమీద పడ్డ చప్పుడు కూడా లేదు, గడ్డిమోపు పడ్డట్టు పడింది. లోపలినుంచి చీమలు తెల్లటి గుడ్ల సంచులు నోట కరుచుకుని నాలుగు వైపులా పరిగెత్తాయి. తమ పిల్లల్ని అవి ముందు తీశాయి, అన్నయ్యా. చూస్తూ నిలబడలేకపోయాను. రెక్కలు రాలిన పెద్ద చీమ ఒకటి మిగిలింది. బాబాయి చెప్పుతో తొక్కాడు. ఇప్పుడు ఆ గదికి కప్పు లేదు. బుజ్జి గడపలో నిలబడి ఆకాశం చూస్తోంది.

ఇది విను. అర నేను దించలేదు. వదినే డబ్బాలన్నీ నేలమీద పెట్టి, స్క్రూలు విప్పి, తడిగుడ్డతో తుడిచి, ముందు గదిలో కిటికీ కింద నిలబెట్టింది. అచ్చు కాగితం ఉన్న వైపు గుమ్మానికి ఎదురుగా. ఈ నెల ఇరవై రెండున సోమవారం ప్లీడరుగారు మన ఇంటికి వస్తున్నారు, చీమల ఫొటోలకి. ఆయన నేరుగా దానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటారు. మేము నోరు విప్పం. పలక తిప్పం కూడా.

ఆ అమ్మాయీ నిన్ను అన్నా అనే పిలిచింది. ఆ మాట చదివినప్పటినుంచి నీకు అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటుగా రాస్తున్నాను.

చెల్లెలు


జైలు
సెప్టెంబరు 17

చెల్లీ,

సూపరింటెండెంటుగారిని తెల్లకాగితాలడిగాను. ఎందుకన్నారు. జడ్జిగారికి రాయాలన్నాను. అప్పీలు నీ ప్లీడరు చూస్తున్నాడుగా అన్నారు. అప్పీలు వద్దని రాయాలన్నాను.

అయిదు కాగితాలు పట్టింది. పిలిచిన రోజు, తట్టిన చోటు, పంతొమ్మిది చిల్లులు, పలక, అన్నీ రాశాను. ఆ అమ్మాయి ఏమడిగిందో, నేనేమన్నానో కూడా రాశాను. బకెట్లు దించుతానని అంటే షాపాయన వద్దన్నది రాశాను. ఉత్తరాలు చదివే అయ్యగారు అది నిన్న చదివారు. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముద్ర వేశారు.

నువ్వు చెప్పమన్నావని రాయలేదు. ప్లీడరు సోమవారం వస్తాడనీ రాయలేదు. నీ ఉత్తరంలో బుజ్జి ఆకాశం చూస్తోందని ఉంది. అది చదివి రాశాను.

ఆ గదికి కొత్త దూలం వేయించండి. వాన పడుతుంది.

అన్నయ్య


ఇల్లు, ముందు గది
అక్టోబరు 24

అన్నయ్యా,

ప్లీడరుగారు కాగితాల కట్ట తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోయారు. పలక వంక చూడను కూడా లేదు. షాపాయన్ని పోలీసులు తీసుకుపోయారు. ఇస్త్రీ బండి ఆయన ఇప్పుడు మా బట్టలు తీసుకుంటాడుగానీ కబుర్లు చెప్పడు. నీకు శిక్ష పెరుగుతుందో, ఉన్నదే ఉంటుందో ఇంకా తెలియదు. బోనులో అబద్ధం చెప్పినందుకు వేరే కేసు పెట్టొచ్చన్నారు. వదిన నీకు రాయలేదు. రాస్తుందని నేను మాటివ్వలేను.

మొన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి వాళ్లమ్మ వచ్చింది.

నేను తలుపు తీసి అలాగే నిలబడిపోయాను. వదిన వెనకనుంచి వచ్చి, "లోపలికి రండమ్మా" అంది. ఆవిడ కూర్చోలేదు. కోర్టులో ఆ ఉత్తరం చదివి వినిపించారట. తనకి సరిగా వినపడలేదంది. పక్కనున్నవాళ్లని అడిగితే తలోమాటా చెప్పారట.

"మా పిల్లే జిగురు ఒలికించి ప్రాణం మీదికి తెచ్చుకుందని ఏడాదిన్నరగా ఆ షాపాయన వీధి వీధీ చెప్పాడు. ఒళ్లు తెలియని మనిషన్నాడు. నేనూ నమ్మాను. దాన్ని తలుచుకుని ఏడుస్తూనే తిట్టేదాన్ని, ఎందుకే అంత పరధ్యానం అని." కొంగుతో నోరు తుడుచుకుంది. "మీ అన్నగారు ఏం రాశారు? సరిగ్గా చెప్పమ్మా."

నేను చెప్పాను. పొట్టు రాలుతోందని మూడుసార్లు చెప్పిందట. బకెట్లు దించుతానందట. టార్చి పట్టుకుందట. పర్లేదా అని అడిగిందట.

"అడిగిందా?"

"అడిగింది."

"అడిగిందన్నమాట" అంది. ఇంకోసారి అంది, తనలో తనే. తర్వాత ఆ పలక ముందు కూర్చుని, ఒక చిల్లులో వేలు పెట్టి, అలాగే ఉంచింది. చాలాసేపు. వదిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడే ఉంది. వెళ్లేటప్పుడు ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. పలక ఇస్తావా అని అడిగింది. పోలీసులు పట్టుకెళ్తారన్నాను. "సరే, వాళ్లయ్యాక" అంది.

చీమలు తగ్గాయి. పూర్తిగా పోయాయని పంపు బాబాయి అనడం లేదు, గోడలో ఇంకెక్కడో ఒక కాపురం ఉంటుందంటున్నాడు. సీసా మూతలు రోజూ నింపుతున్నాను. మూడు నెలలుగా నేను చేసిన పనుల్లో మానెయ్యనిది ఇదొక్కటే.

వెనక గది మీద పట్టా కప్పాం. వానకి అది ఉబ్బుతుంది, కారుతుంది. కొత్త దూలానికి వడ్రంగిని పిలవాలి. ఇద్దరి పేర్లు చెప్పారు, ఇద్దరూ పనిమంతులేనట. ఎవరొచ్చినా, గోడలో మిగిలిన వాసాల్ని తట్టి చూడమంటాను. తట్టేటప్పుడు టార్చి నేనే పట్టుకుంటాను. వెలుగు కర్ర మీద వెయ్యను, అతని మొహం మీద వేస్తాను.

చెల్లెలు